డోలు ఆగేదాకా

కర్ర బరువు పట్టుకున్న చేతికే తెలుస్తుంది, చూసే కంటికి తెలియదు. అందుకే దాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టి, బరువున్న కొసని నేలకి ఆనించి, పై కొస మీద గడ్డం పెట్టుకుని కూచున్నాను. ఈ గార్నెట్ కజో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడని అనుకుంటారు చూసేవాళ్ళు. అనుకోనీ. పూయి చెట్టు కర్ర ఇది, ఏళ్ళ తరబడి కొబ్బరినూనె తాగి నల్లబడ్డ కర్ర. కొస నుంచి జానెడు లోతున బర్మాతో తొలిచి అందులో సీసం కరిగించి పోశాను, పైన మైనమూ కర్రపొట్టూ కలిపి మూసేసి మళ్ళీ నూనె పట్టించాను. సీసం బజార్లో కొన్నది కాదు, నా తమ్ముడు ఎస్మండ్ వలకి కట్టుకున్న గుళ్ళు. వాడు పోయిన దగ్గర్నుంచీ ఆ వల మా వెనక గోడకి మేకున వేలాడుతూనే ఉంది, ఉప్పువాసన ఇంకా పోలేదు. ఒక్కొక్క గుండూ కోసి తీస్తుంటే వాడి పళ్ళు పీకుతున్నట్టు అనిపించింది. అమ్మ చిక్కుడుగింజలు ఉడకబెట్టే గిన్నెలోనే కరిగించాను వాటిని. గిన్నె అమ్మే ఇచ్చింది, ఎందుకని అడగలేదు. ఇవాళ ఈ కర్రతో రాల్ సిల్వెస్టర్‌ని చంపుతాను. తల చిట్లగొట్టి నెత్తురు చూడటం మామూలు కర్రసాము, అది ఎవడైనా చేస్తాడు. నేను వాణ్ణి చంపుతాను. బరిలో, డోలు మోగుతుండగా, పేటంతా చూస్తుండగా, ఎవడూ తప్పని వేలెత్తి చూపలేని పద్ధతిలో.

ఎండ పెనంలా నెత్తిమీద కూచుంది. ఆగస్టు ఒకటో తారీకు ఎప్పుడూ ఇంతే, వాన పడితే కొండమట్టంతా మా ముంగిళ్ళలోకి దిగుతుంది, పడకపోతే రేకుల సెగ దిగుతుంది. కింద పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నడిబొడ్డున ఊరేగింపు కదిలినట్టుంది, ఎండువాగు సిమెంటు గోడలకి కొట్టుకుని డోళ్ళ చప్పుడు కొండెక్కి వస్తోంది, దాని వెనకే అరుపు. ఆరేళ్ళొద్దు, ఆరేళ్ళొద్దు. ఏటా అదే అరుపు. బానిసత్వం పోయిందని గవర్నరు కాగితం చదివిన రోజున, పోయింది గానీ ఇంకో ఆరేళ్ళు దొర దగ్గరే ఊరికే పనిచెయ్యండని దాని కిందే ఇంకో ముక్క చదివాడట. ముసలాళ్ళూ ముసలమ్మలూ గవర్నరు గుమ్మం ముందు కూచుని ఆరేళ్ళొద్దని అరిచారట, సిపాయిలొచ్చినా లేవలేదట. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు రంగురంగుల ఆఫ్రికా బట్టలు తొడుక్కుని చల్లటి సీసాలు పట్టుకుని సవానా మైదానం దాకా అరుచుకుంటూ నడుస్తారు, అక్కడ మంత్రులు మాట్లాడతారు, గుడారాల్లో పూసలదండలు అమ్ముతారు. మా పేట వాళ్ళకి ఆ మైదానంతో పనిలేదు. మా పండగ ఈ బరి, వెదుళ్ళు కట్టిన ఈ గుండ్రటి మట్టినేల, మధ్యలో తవ్విన ఆ గుంట. పొయ్యి మీద పెలావ్ అన్నం మాడుతున్న వాసన, చక్కెర మాడ్చి కోడిముక్కలు వేసిన వాసన, పక్కనే ఆడవాళ్ళ నవ్వులు. నాకు నోట్లో తుప్పు రుచి తప్ప ఇంకేం తెలియడం లేదు. వాళ్ళు ఆరేళ్ళు ఆగమన్నందుకు అరిచారు, నేను అరవకుండా ఏడాది ఆగాను.

గుంట వైపు చూడకూడదనుకుంటాను, చూస్తాను. పిడికిలి పట్టేంత గుంట. తల చిట్లినవాడు దాని దగ్గరికి నడిచి వెళ్ళి, వంగి, కారే నెత్తురంతా అందులోకి కారనివ్వాలి. బానిస రోజుల్లో మన నెత్తురు కూడా దొర ఆస్తే, ఇవాళ ఎవడి నెత్తురు వాడిది, వాడే దాన్ని మన్నుకి ఇస్తాడు అని మా బరిపెద్ద, డోలు వాయించే నిసెఫోర్ తాత ఏటా మొదటి జతని దింపేముందు చెబుతాడు. చెరుకు నరుకుతూ వంగినవాడి వీపు మీద కొరడా పడేది, వంగినవాణ్ణి కొట్టడం ఆ రోజుతో పోయింది, ఈ బరిలో అది మళ్ళీ రాకూడదు అని కూడా చెబుతాడు. పోయినేడు ఇదే ఎండలో ఆ మాట చెప్పిన నోటితోనే తాత డోలు ఎత్తుకున్నాడు. ఎస్మండ్ ఇటు, రాల్ అటు. ఇద్దరూ ఒకే పడవలో వల లాగేవాళ్ళు, ఒకడి సిగరెట్టు ఇంకొకడు తాగేవాళ్ళు. రాల్ కర్ర ఎస్మండ్ కణత మీద గీసింది, చిన్న గీత, పెదవి విడినట్టు విడింది, నెత్తురు చెవి వెనక్కి సన్నగా జారింది. వాడికి తెలిసింది. మా ఎస్మండ్‌కి అన్నిట్లో తొందరే, అన్నం చల్లారదు వాడికి, సిగ్నల్ మారదు వాడికి, నెత్తురు తగిలిందని వేలితో చూసుకుని నవ్వి, కర్ర దించి, గుంట దగ్గరికి వెళ్ళి వంగాడు. డోలు ఆగలేదు. నెత్తురు కారితే సాము ఆగినట్టు కాదు, డోలు ఆగితే ఆగినట్టు, అది మా బరి కట్టు. నెత్తురు చూసి డోలు ఆపాల్సినవాడు తాత. తాత ఆ క్షణంలో ఒక చేత్తో డోలు వాయిస్తూ రెండో చేత్తో రమ్ము సీసా ఎత్తాడు. ఒక్క గుక్క. ఆ గుక్క దిగేలోపల రాల్ గిర్రున తిరుగుతూ వచ్చాడు, కళ్ళనిండా చెమట, చెవుల్లో డోలు, ఎదురుగా ఒక తల. కొట్టాడు. ఎండుకొబ్బరి పగిలినట్టు చప్పుడైంది. నేను కేక వెయ్యలేదు. మా తమ్ముడు గుంట మీదికి ముందుకి ఒరిగి మట్టిని కరిచాడు, కాళ్ళు మాత్రం కాసేపు నడవబోయాయి. పడుకున్నవాడి కాళ్ళు నడవడం నేను అప్పుడే చూశాను. దాని తర్వాతే డోలు ఆగింది.

పోలీసాయన వచ్చి అందర్నీ ఒకటే అడిగాడు, డోలు ఆగిందా లేదా. ఆగలేదనే చెప్పారు అందరూ. నేనూ అదే చెప్పాను, అది నిజం. నిజం చెప్పి ఇంటికొచ్చి గోడని గుద్దాను, ఈ రెండు కణుపులూ అప్పుడు విరిగినవే, వానొస్తే ఇప్పటికీ లాగుతాయి. శవం దగ్గర కూచున్న రోజున రాల్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ లేచి పొయ్యి మీది కాఫీ గిన్నె తెచ్చి వాడి మీద పోసింది. మరుగుతున్న కాఫీ. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు పండుతొక్కలా లేచిపోయింది, వాడు నోరు తెరవలేదు, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు. అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే అక్కడే పీక పట్టుకునేవాణ్ణి, ఈ ఏడాదంతా ఇలా సీసంలా లోపల గడ్డకట్టేది కాదు. రేవులో క్రేను మీద కంటైనర్లు దించే పని నాది, దించుతుంటే ప్రతి పెట్టె కిందా వాడే నిలబడ్డట్టు కనపడేవాడు, ఒక్క మీట నొక్కితే గొలుసు వదిలేస్తుంది అనిపించేది.

ఈ పొద్దున అమ్మ నా తలకి గుడ్డ చుట్టింది. ఎస్మండ్ గుడ్డ, ఎర్రది, ఉతికి గంజి పెట్టింది. ముడి వేస్తూ ఎంత గట్టిగా లాగిందంటే కనుబొమ్మలు పైకి లేచాయి.

"అమ్మా, నొప్పి పుడుతోంది."

"పుట్టనీ. చిన్నాడికి ఇంతకంటే ఎక్కువ పుట్టింది."

"గట్టిగా ఉంటే రక్తం ఆడదమ్మా. తల తిరిగి నేనే పడతాను."

"పడితే లే. వాణ్ణి పడగొట్టకుండా మాత్రం ఈ గుమ్మం ఎక్కకు. ఇద్దరు కొడుకుల్ని కన్నాను, ఒకణ్ణి డోలుకిచ్చాను. రెండోవాడు దేనికి పనికొస్తాడో ఇవాళ చూస్తాను."

చెల్లెలు ఫిలోమెన్ కిటికీ దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటోంది, బరిలో పాట ఎత్తేది అదే, దాని గొంతుకి డోళ్ళు వంత పాడతాయి. "అన్నయ్యా, పాటలో ఎస్మండ్ పేరు పెట్టాను," అంది ఇటు తిరక్కుండా, "పేరు వచ్చినప్పుడల్లా కొట్టు." ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ తెలుసు, ఎవరమూ చంపడం అనే మాట అనలేదు. కాఫీ తాగాం, రొట్టె తిన్నాం, అమ్మ నా జేబులో అల్లం ముక్క పెట్టింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పెట్టినట్టు. ఇప్పుడదిగో వెదుళ్ళకి ఆనుకుని కుర్చీలో కూచుంది అమ్మ, ఒళ్ళో చేతులు, తెల్ల గౌను, చర్చికి వేసుకునేది.

మనుషులు కదిలారు, గుంపు చీలింది. వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, వెంట ఎవరూ లేరు, తలకి గుడ్డ లేదు. గుడ్డ చుట్టుకోకుండా బరిలోకి వచ్చేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. గుడ్డ మడతల్లోనే కదా సగం దెబ్బ ఆగిపోయేది. గుండు కొట్టించుకున్నాడు కూడా, ఎండకి మెరుస్తోంది. చెయ్యి మీద కాలిన మచ్చ గులాబీ రంగులో ఉంది. చేపలమ్మే ఇస్మే పిన్ని ఊరుకుంటుందా.

"ఏరా రాల్, గుడ్డ కొనుక్కోడానికి డబ్బుల్లేవా, నా లంగా చింపి ఇవ్వనా?"

"నీ లంగా చుట్టుకుంటే వాసనకి గార్నెట్ అన్న దగ్గరికే రాడు పిన్నీ, సాము సాగదు."

నవ్వారు అందరూ, నవ్వి ఠక్కున మానేశారు, నవ్వినందుకు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇస్మే పిన్ని గంప సర్దుకుంటూ గొణిగింది, "జోకులెయ్యడానికి ఇంకా నోరుంది వీడికి." రాల్ నా వైపే వచ్చాడు, బెంచీ ముందు ఆగాడు, నేను లేవలేదు, కర్ర మీంచి గడ్డం తియ్యలేదు. వాడి నీడ నా పాదాల మీద పడింది. తొక్కాలనిపించింది.

"అన్నా."

"నన్ను అన్నా అని పిలిచేవాడు చచ్చాడు. వాణ్ణి పిలుచుకో."

"పిలుస్తూనే ఉన్నా." పెదాలు తడి చేసుకున్నాడు. "నేను ఇవాళ రాకుండా ఉండేవాణ్ణే. మావిడ వద్దని కాళ్ళు పట్టుకుంది. రాకపోతే నువ్వు ఇంటికొస్తావు కదా. మా పిల్లలు చూస్తారు. అందుకొచ్చాను."

"తెలివైనవాడివి."

"తెలివేం కాదన్నా. బరి అయితే నాకు తెలిసిన చోటు."

వెళ్ళాడు అవతలి పక్కకి. మెడ నిటారుగా ఉంది. భయపడటం లేదని చూపించుకునే నడక కాదు అది, పొద్దున్నే పడవ ఎక్కే నడక, ఎస్మండూ అలాగే నడిచేవాడు. ఆ ఆలోచన ఎందుకొచ్చింది, పో, కాఫీ గిన్నె గుర్తు తెచ్చుకో, నడవబోయిన కాళ్ళు గుర్తు తెచ్చుకో. గుర్తొచ్చాయి. బాగుంది. చెయ్యి వేడెక్కింది.

ఇక కర్రలు చూడాలి. దిగేముందు రెండు కర్రలూ నిసెఫోర్ తాత చేతిలో పెట్టాలి, ఆయన ఊపి, కొస నుంచి కొస దాకా బొటనవేలితో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఇస్తాడు. మేకు దిగ్గొట్టినా బ్లేడు దూర్చినా ఆయన వేలికి దొరుకుతుంది. దొరికితే ఆ కర్ర బరిలోకి రాదు, పట్టుకొచ్చినవాడు మళ్ళీ ఈ పేటలో తలెత్తుకు తిరగడు. పది రకాలుగా అబద్ధం సిద్ధం చేసుకున్నాను. రాల్ కర్ర ముందు తీసుకున్నాడు తాత, ఊపి తిరిగి ఇచ్చేశాడు. నాది తీసుకున్నాడు. బరువుకి ఆయన మణికట్టు కిందికి జారింది. చూశాను నేను, ఆయన చూశాడు నేను చూడటం. ఎనభై దాటిన మొహం, ఒక కంట్లో పొర. బొటనవేలు మెల్లగా కొస దాకా వెళ్ళింది, మైనం మీద ఆగింది, అక్కడ రెండుసార్లు నొక్కింది. నా వీపు మీద చెమట ఒక గీతలా దిగింది.

"మంచి కర్ర," అన్నాడు తాత అందరికీ వినపడేలా. తర్వాత కర్ర నా చేతుల్లో పెడుతూ, నా పిడికిలి మీద తన పిడికిలి మూసి, గొంతు తగ్గించాడు. "ఇవాళ నా చేతులు తొందరగా ఆగవురా గార్నెట్. పోయినేడు ఒక గుక్క ఆలస్యమైంది. ఇవాళ నువ్వు కర్ర దించేదాకా ఆలస్యమవుతుంది."

తాతకి తెలుసు. తాతకి తెలుసంటే డోలు వాయించే మిగతా ముగ్గురికీ తెలుసు, వాళ్ళకి తెలిస్తే వాళ్ళ పెళ్ళాలకి తెలుసు, ఆడవాళ్ళ నవ్వులు అందుకే మధ్యలో తెగుతున్నాయి. పేటంతా కలిసి నాకు రాల్ సిల్వెస్టర్ తలని పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. సంతోషించాలి నేను. తాత డోలు భుజానికి తగిలించుకుని గుంట పక్కన నిలబడ్డాడు, అందరూ ఆయన నోటి వైపు చూశారు, వంగినవాణ్ణి కొట్టడం ఆ రోజుతో పోయింది అనే మాట కోసం. ఆయన ఆ మాట చెప్పలేదు. గొంతు సవరించుకుని, ఉమ్మేసి, డోలు మీద అరచెయ్యి వేశాడు. ఎవరూ అడగలేదు.

డోలు మోగింది, ఫిలోమెన్ పాట ఎత్తింది, నేల కింది నుంచి ఏదో నా మడమల్ని పైకి తోసింది, నేను బరిలో ఉన్నాను. ఎలా దిగానో తెలియదు. కర్ర రెండు చేతుల్లో అడ్డంగా, మోకాళ్ళు వంచి, వాడి కళ్ళు కాదు చూడాల్సింది, భుజం చూడాలి, భుజం అబద్ధమాడదు. వాడి భుజం కదిలింది, నేను అడ్డుపెట్టాను, కర్రకి కర్ర తగిలి అరచేతులు మండాయి. సీసం వల్ల కొస ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది, ఆ సంగతి తెలుసుకోవాలి నేను, తెలుసుకునేలోపల వాడి దెబ్బ నా పక్కటెముకల మీద పడింది, లోపల ఏదో తడిగా కదిలింది. ఊపిరి అందలేదు. గుంపు హోరుమంది. ఎస్మండ్ అంది పాట. కొట్టాను. వాడి మోచెయ్యి, కాలిన మచ్చ మీద, తోలు చీలింది. ఎస్మండ్ అంది పాట. కొట్టాను, వాడు వెనక్కి గెంతాడు, కర్ర కొస గాలిని కోసి నన్నే లాక్కుపోయింది, తూలాను, వాడికి నా తల మొత్తం ఖాళీగా దొరికింది. కొట్టలేదు వాడు. కొట్టగలడు, అంతసేపు దొరికాను, కొట్టలేదు. దాంతో నాకు ఒళ్ళు మండింది, జాలి పడుతున్నాడా వీడు నా మీద. మీద పడ్డాను. పద్ధతి లేదు, అడుగులు లేవు, గొడ్డలితో నరికినట్టు నరికాను, వాడి కర్ర పట్టుకున్న వేళ్ళ మీద ఒకటి, చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది, భుజం మీద ఒకటి, మళ్ళీ భుజం మీద. నా నోట్లో నెత్తురు, నాలుక కొరుక్కున్నాను. వాడు కర్ర ఎత్తి అడ్డుపెట్టాడు, నేను కింది నుంచి తెచ్చాను, కొస వాడి నుదుటికి పైన అంచుతో తగిలింది, నేరుగా తగలలేదు, తగిలి ఉంటే అక్కడే అయిపోయేది. గుండు మీద తోలు విచ్చుకుంది. తెల్లగా కనపడింది ఒక్క క్షణం, తర్వాత ఎరుపు నిండింది, కళ్ళలోకి, ముక్కు పక్కనుంచి గడ్డం దాకా.

నెత్తురు అందరూ చూశారు. తాతా చూశాడు, ఆ పొర లేని కన్ను నేరుగా అటే ఉంది. డోలు ఆగలేదు.

రాల్ కర్ర నేల మీద పెట్టాడు. డోలు మోగుతుండగా పెట్టాడు. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని తాత వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. వాడికి అర్థమైంది. ఎప్పుడో అర్థమై ఉంటుంది, గుండు కొట్టించుకునేటప్పుడే. డోలు ఆగేదాకా కర్ర పట్టుకుని తిరగొచ్చు వాడు, గంటసేపు తిరగొచ్చు, ఎవరూ ఆపరు. గుంట దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూచుని, రెండు చేతులూ గుంటకి అటూ ఇటూ ఆనించి వంగాడు.

నేను వాడి వెనక ఉన్నాను. కర్ర ఎత్తాను. ఎత్తడం కష్టంగా లేదు, సీసం తేలిపోతోంది, డోలు దాన్ని పైకి లేపుతోంది. కింద వాడి మెడ. ఎడం పక్కన, భుజానికి కాస్త పైన, తాడు ఒరుసుకుని కాయకట్టిన గీత, వల లాగేవాళ్ళకి ఉండేది, ఎస్మండ్ కుడివైపు నిలబడి లాగేవాడు కాబట్టి వాడికి కుడిపక్కన ఉండేది. ఒకే తాడు. ఫిలోమెన్ పాట ఆపేసింది. ఎప్పుడు ఆపిందో తెలియదు. పిల్లల్ని మొహాలు తిప్పి గుండెకి అదుముకున్నారు తల్లులు, అంటే తల్లులు చూస్తారన్నమాట. కొట్టు, కొట్టు, అంటోంది డోలు, ఎవరూ నోటితో అనడం లేదు, అనక్కర్లేదు, ఇంతమంది ఎదురుచూపు నా మోచేతులకి తాళ్ళు కట్టి పైకి పట్టుకుంది. చెరుకు తోటలో కొరడా పట్టుకున్నవాడు దొర కాదు. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అందరికీ తెలుసు, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కొరడా పట్టుకున్నవాడూ బానిసే, మనవాడే, మన గుడిసెల వరసలోనే పడుకునేవాడు, వాడికి కొట్టమని చెప్పేవాడు నీడలో కూచునేవాడు. వంగిన వీపు మీద వాడి చెయ్యి లేచేది, ఆ చెయ్యి వాడిది కాదు. మరి ఇది, పైన ఉన్న ఈ చెయ్యి ఎవరిది? అమ్మదా. తాత గుక్కెడు రమ్ముదా. నాదైతే ఇప్పుడు దించగలగాలి కదా. దించలేకపోతున్నాను. డోలు మోగుతున్నంతసేపూ ఇది దిగదు, దిగితే వాడి మీదే దిగుతుంది. ఎస్మండ్‌ని వీడి కర్ర చంపింది, వీడి కర్రని తిప్పింది ఆ డోలు.

తిరిగాను. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. సీసం కొస డోలు మీద పడింది, తోలు పేలి, డోలు చేసిన పాత పీపా చెక్కలు విరిగి, కర్ర మోచేతి లోతున దిగి ఇరుక్కుపోయింది. తాత ఆ ఊపుకి వెనక్కి కూలబడ్డాడు, భుజానికి డోలు అలాగే తగులుకుని ఉంది, విరిగిన చెక్క ఒకటి అరచేతిలో గుచ్చుకుంది, దాన్ని చూసుకుంటున్నాడు. మిగతా ముగ్గురి చేతులూ వాళ్ళ డోళ్ళ మీద గాల్లోనే ఆగిపోయాయి. పెలావ్ అడుగంటి చిటపటలాడటం వినపడింది.

"తప్పు చేశావురా," అన్నాడు తాత మెల్లగా, కింద కూచునే.

"అవును తాతా. నువ్వూ చేశావు."

అప్పుడు కుర్చీ కాళ్ళు మట్టిలో కీచుమన్నాయి. ఆడవాళ్ళు బరిలోకి రారు. అమ్మ వెదుళ్ళు పక్కకి తోసుకుని వచ్చింది, తెల్ల గౌను ఒక ముల్లుకి పట్టుకుంటే లాగి చింపుకుంది. తాత ముందు వంగి, డోలు మీద పాదం ఆనించి, పగిలిన తోల్లోంచి కర్ర పీకింది, రెండుసార్లు లాగితే వచ్చింది. ఆ బరువు అమ్మకి కొత్త కాదు, కరిగేటప్పుడు పక్కనే ఉంది. గుంట వైపు నడిచింది. ఒక్క మగాడు కదల్లేదు, కొడుకు పోయిన తల్లికి ఎవరు అడ్డమొస్తారు. రాల్ తల ఎత్తలేదు, డోలు ఆగిందో లేదో కూడా వాడికి తెలుస్తున్నట్టు లేదు. నేను పరిగెత్తాను, రెండంగలే, పక్కటెముకలు లోపల గీసుకున్నాయి, వాడి పక్కన మోకాళ్ళ మీద పడి వాడి మెడ మీదికి నా వీపు వంచాను.

"లే, పక్కకి జరుగు," అంది అమ్మ పైనుంచి.

"జరగనమ్మా."

"నా కొడుకుని చంపినవాడి మీద పడుకుంటావురా. వాడికి అడ్డం పడతావా."

"నీ కొడుకునేగా నేనూ. కొట్టాలంటే కొట్టు."

నా కింద రాల్ వణుకుతున్నాడు, లేకపోతే నేనే వణుకుతున్నానేమో, ఒంటికి ఒళ్ళు ఆనుకుంటే ఎవరిదో తెలియదు. వాడి నోరు మట్టి దగ్గర ఉంది. "డోలు ఆగిందా అన్నా?" అన్నాడు, గొంతు సగమే వచ్చింది. "ఆగింది," అన్నాను. "మరి అమ్మ?" "అమ్మకి డోలుతో పనిలేదు. కదలకు."

దెబ్బ పడింది. మెడ మీద పడాల్సింది, చివర్లో పక్కకి తిరిగినట్టుంది, భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను చెవులతో వినలేదు, పళ్ళతో విన్నాను. ఎడం చెయ్యి నాది కాకుండా పోయి మట్టిలో వేలాడింది. కళ్ళ ముందు గుంట పెద్దదై మళ్ళీ చిన్నదైంది, అందులో రాల్ నెత్తురు వేలెడు లోతున నిలిచి ఉంది, నా నోట్లోంచి కారింది కూడా అందులోనే పడింది. నేను రెండో దెబ్బ కోసం ఎదురుచూశాను. మెడ గట్టి చేసుకోలేదు, చేసుకుంటే ఇంకా విరుగుతుంది, అది సాములో నేర్చుకున్నదే. పైన అమ్మ ఊపిరి వినపడుతోంది, మెట్లెక్కి వచ్చినట్టు. కర్ర నీడ నా పక్కన మట్టి మీద పైకి లేచింది. అక్కడే ఉండిపోయింది, అటూ ఇటూ కదిలింది.

"గార్నెట్," అంది అమ్మ.

"ఆఁ."

"తగిలిందా?"

చిన్నప్పుడు రేకుల మీంచి పడ్డప్పుడు అడిగిన గొంతు. కొట్టేముందు అడిగేది అలా, ఎక్కడ తగిలిందో ముందు చూసుకుని, తర్వాత కొట్టేది.

"తగిలిందమ్మా."

"బాగా తగిలిందా?"

"బాగా తగిలింది."

నీడ కిందికి దిగింది. కర్ర మట్టిలో పడిన చప్పుడు మెత్తగా, బరువుగా వినిపించింది. తర్వాత అమ్మ చేతులు నా భుజం వెతుక్కుంటూ వచ్చాయి.